సీజన్ అయ్యాక చూద్దాం

ఆటగాళ్లు చదువుకోవాలని పెట్టిన రూలే వాళ్ల చదువుకు అడ్డం పడుతుందంటే కొత్తవాళ్లెవరూ నమ్మరు. నోరీన్ కుచేరాకు మాత్రం అందుకు ఆశ్చర్యపడే ఓపిక ఎప్పుడో అయిపోయింది. నెబ్రాస్కాలోని ఆ చిన్న యూనివర్సిటీలో చాలా ఏళ్లుగా ఆమె పని ఒక్కటే. శనివారం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకు ఎవరు మైదానంలోకి దిగవచ్చో, ఎవరు దిగకూడదో తేల్చి చెప్పడం. పాసైన క్లాసులూ మార్కులూ చూసి ఆమె సరే అంటేనే కుర్రాడు హెల్మెట్ పెట్టుకోవాలి. కాదంటే కోచ్ మొహం మాడ్చుకుంటాడు. సరే అన్నాక అది పొరపాటని తేలితే గెలిచిన ఆట కూడా వెనక్కి ఇచ్చెయ్యాలి. ఇంత చాకిరీ చేస్తే ఊళ్లో ఆమెకు దక్కిన పేరు ‘చదువుల పోలీసు’.

ఆ ఏడాది మొదటి మ్యాచ్ ముందు గురువారం పొద్దున్నే కారు టైరు పంక్చరైంది. పంక్చర్లు వేసే షాపులో మార్లన్ టిబ్స్ ఎదురొచ్చాడు. ఒకప్పుడు జట్టులో పేరు మోగిన కుర్రాడు. ఇప్పుడు పొట్ట వచ్చింది, జుట్టు పలచబడింది.

“మిస్ నోరీన్, కూర్చోండి, నిమిషంలో వేసేస్తాను,” అన్నాడు. పక్కనున్న పనివాడితో, “ఒరే, ఈవిడే లేకపోతే నాకు డిగ్రీ వచ్చేదా? నా పాలిట దేవత,” అన్నాడు.

అతను వెటకారంగా అని ఉంటే బాగుండేది. మనస్ఫూర్తిగానే అన్నాడు. పశువుల డాక్టరు కావాలని వచ్చిన కుర్రాడతను. మూడో ఏడాదికొచ్చేసరికి, ఏ డిగ్రీ చదువుతున్నావో అందులో నలభై శాతం పూర్తయి ఉండాలి, లేకపోతే ఆట లేదని రూలు. పొద్దున ప్రాక్టీసు, సాయంత్రం ప్రాక్టీసు, మధ్యలో ప్రయాణాలు. ల్యాబ్ క్లాసులకు తీరికెక్కడిది? అందుకని దొరికిన క్లాసులన్నీ లెక్కలోకి వచ్చే జనరల్ స్టడీస్‌లో చేర్పించి, “సీజన్ అయ్యాక చూద్దాంలే నాయనా,” అంది నోరీన్. సీజన్లు అయిపోయాయి. చూసిందెవరు?

ఆఫీసుకు వెళ్లేసరికి గుమ్మంలో కోచ్ హాగెన్ నిలబడి ఉన్నాడు.

“మా డెలానో నీ దగ్గరికి వస్తున్నాడట. నర్సింగ్ చదువుతాడట,” అన్నాడు. “నర్సింగ్‌కి మారితే వాడి క్లాసుల్లో సగం లెక్కకు రావు, నలభై ఎక్కడినుంచి వస్తుంది? వాడు లేకపోతే నా డిఫెన్స్ గోవిందా. ఏదో ఒకటి చెప్పి పంపించెయ్.”

“ఏం చెప్పమంటావు?”

“ఎప్పుడూ చెప్పేదే చెప్పు. నీకు నేను నేర్పాలా?”

ఆ మాటకు నోరీన్‌కు ఒళ్లు మండింది. కానీ గొడవపడే ఓపిక లేక అతన్ని దాటుకుని లోపలికి వెళ్లింది.

మధ్యాహ్నం డెలానో ప్రుయిట్ వచ్చాడు. గుమ్మానికి సరిపడా మనిషి. కుర్చీ విరుగుతుందేమోనని అంచున కూర్చున్నాడు.

“పోయిన వసంతంలో నా మోకాలికి ఆపరేషనైంది కదా మిస్ నోరీన్. అక్కడ ఒకాయన నర్సు. నాకంటే లావు. నన్ను మంచం మీంచి పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తేవాడు. ‘భయపడకు, పట్టుకున్నాను’ అనేవాడు. అప్పుడనిపించింది, నా ఒంటికి తగ్గ పని ఇదేనని. నర్సింగ్ వాళ్లు సీటిస్తామన్నారు. రేపటిలోగా మారిపోవాలట.”

ఎప్పుడూ చెప్పే మాట నోటిదాకా వచ్చింది. పొద్దుటి మార్లన్ మొహం గుర్తొచ్చి దాన్ని మింగేసింది.

“నిజం చెప్తాను, విను,” అంది. “రేపు మారితే ఈ ఏడాది నీకు ఆట లేదు. మారకపోతే ఆ సీటు పోతుంది. సీజన్ అయ్యాక ఏమీ ఉండదు నాయనా. వచ్చే ఏడాదికి అరవై శాతం కావాలి, ఇంకా దూరమైపోతావు. మారతానంటే ఇప్పుడే సంతకం పెడతాను. హాగెన్ అరిస్తే అరవనీ.”

అతను తన అరచేతులు చూసుకున్నాడు.

“ఆడకపోతే నా స్కాలర్‌షిప్?”

“అది ఏటేటా కోచ్ చేతిలోనే. ఈ ఏడు పోదు. వచ్చే ఏడు ఇస్తాడని నేను మాటివ్వలేను.”

“అది లేకపోతే మా ఇంట్లో నన్నెవరూ చదివించలేరు మిస్ నోరీన్.”

ఆమె మొహం చూసి అతనికే జాలేసినట్టుంది. లేచి, కుర్చీని జాగ్రత్తగా లోపలికి జరిపాడు.

“మీరు బాధపడకండి. సీజన్ అయ్యాక చూద్దాంలెండి,” అన్నాడు.

ఇన్నేళ్లుగా తను అంటూ వచ్చిన మాట ఎదుటివాళ్ల చెవికి ఎలా వినిపిస్తుందో నోరీన్‌కు అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయింది. శుక్రవారం సాయంత్రం డెలానో ఆడవచ్చని ఆమే రాసి ఇచ్చింది. రూలు ప్రకారం అందులో ఒక్క తప్పూ లేదు.

శనివారం స్టేడియం కిటకిటలాడింది. నోరీన్ పై వరసలో, క్యాబేజీ, మాంసం కూరిన బన్ను ఒళ్లో పెట్టుకుని తినకుండా కూర్చుంది. రెండో సగంలో మొదటి ఏడాది కుర్రాడొకడు మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. అందరూ చేతులు నడుముకు పెట్టుకుని నిలబడిపోయారు. డెలానో ఒక్కడే పరుగెత్తాడు. పక్కన కూర్చుని, ఎండ కళ్లలో పడకుండా తన ఒళ్లు అడ్డం పెట్టి, ఏదో చెబుతున్నాడు. ఆ మాటేమిటో పై వరసకు వినపడదు. నోరీన్‌కు వినపడాల్సిన పనీ లేదు. డాక్టర్లు వచ్చి చూశాక, వాళ్లు సైగ చేస్తే, ఆ కుర్రాణ్ణి రెండు చేతులా ఎత్తుకుని గీత బయటికి నడిచాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. “నీ చోటుకి పోరా,” అని హాగెన్ అరుస్తున్నాడు.

నోరీన్ పక్కన కూర్చున్న పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు.

“ఎంత పద్ధతిగా ఎత్తుకున్నాడమ్మా. ఏం చదువుతున్నాడు ఆ అబ్బాయి?”

“జనరల్ స్టడీస్,” అంది నోరీన్.