హ్యాంగర్ కమ్మికి గుచ్చిన రసీదులు

నాకు ముక్కు మీద కోపం. పెళ్లిచూపుల్లో మావాళ్లు ఈ సంగతి దాచిపెట్టారు, పెళ్లయిన వారానికే మా ఆయనకి తెలిసిపోయింది. అయినా ఆ కోపమే ఒకసారి మా పరువు కాపాడిందని నేనంటే ఆయన ఇవాళ్టికీ కాదనరు.

2009లో మేం అమెరికాలో, బెంటన్‌విల్‌లో ఉండేవాళ్లం. మా ఆయనది కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని. ఆ కాంట్రాక్టు కాస్తా ఉన్నట్టుండి ఆపేశారు. ఇంకోటి దొరికేలోపు నాలుగు నెలలు జీతం లేదు, ఇన్సూరెన్స్ లేదు. సరిగ్గా అప్పుడే నాకు అపెండిక్స్ ఆపరేషన్. ఆసుపత్రి బిల్లు, ఇంటద్దె, కారు వాయిదా, ఆఖరికి కందిపప్పు కూడా నాలుగు క్రెడిట్ కార్డుల మీదికే ఎక్కింది. నాలుగూ ఇద్దరి పేరు మీదా ఉన్నాయి. డిపెండెంట్ వీసా మీద వచ్చినదాన్ని, ఉద్యోగం చేసే వీల్లేదు. కార్డు మీద నా పేరు చూసుకుని మురిసిపోయిన రోజులు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది.

కొత్త ఉద్యోగం వచ్చాక, అప్పులవాళ్లతో మన తరఫున మాట్లాడి ఒప్పించే సంస్థ ఒకటుంటే ఫోన్ చేశాం. నెలనెలా ఆరువందల పన్నెండు డాలర్లు వాళ్లకి పంపితే వాళ్లే నాలుగు కార్డులకీ సర్దుతారు, వడ్డీ తగ్గుతుంది, నాలుగున్నరేళ్లలో అంతా తీరిపోతుంది. మా ఫైల్ చూసే ఆవిడ ప్రతి మాటకీ ముందు "హనీ" అనేది. మొదటి రోజే చెప్పింది, ఒక్క కాగితం కూడా పారేయొద్దని.

ఆ మాట నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా నాన్నకి ఎరువుల కొట్టుండేది. గల్లాపెట్టె పక్కన గోడకి ఒక ఇనప కమ్మి వేలాడేది. వచ్చిన ప్రతి రసీదూ, ప్రతి చీటీ దానికి గుచ్చాల్సిందే. ఏ రైతొచ్చి బాకీ లేదన్నా మా నాన్న మాట్లాడకుండా కమ్మి కిందికి దించేవాడు. నేను లాండ్రీ షాపు హ్యాంగర్ ఒకటి విప్పి, కొసన కొక్కెంలా వంచి క్లోజెట్ తలుపుకి తగిలించాను. మనీ ఆర్డర్ రసీదు, దాని వెనక ఆ నెల ఎవరికెంత చేరిందో సంస్థవాళ్లు పంపే కాగితం, వరసగా గుచ్చుకుంటూ పోయాను. మా ఆయన చూసి, "ఫోల్డర్లు దొరుకుతాయి కదా, ఈ కిరాణా కొట్టు వేషమేంటి?" అన్నారు. నాది ఎరువుల కొట్టు అన్నాను.

మూడు కార్డులవాళ్లు నోరెత్తలేదు. నాలుగో కార్డువాడు మాత్రం నెలనెలా డబ్బు పుచ్చుకుంటూనే మా ఖాతాని ఒక లాయర్ల ఆఫీసుకి అప్పజెప్పాడు. ఇక ఫోన్లే ఫోన్లు. సంస్థ ద్వారా కడుతున్నామంటే, "ఆ ప్లాన్‌తో మాకు సంబంధం లేదు, సగం ఒకేసారి కట్టండి, లేదంటే కేసు" అనేవాళ్లు. కట్టేవాణ్ణి పట్టుకుని ఎగ్గొట్టేవాడితో మాట్లాడినట్టు మాట్లాడితే ఒళ్లు మండదూ? నేను కసికొద్దీ ప్రతి ఫోన్‌కీ ఒక చీటీ రాసేదాన్ని. తారీఖు, టైము, పేరు, ఏమన్నాడు. తెలుగులో అయితే వాడి మాటని నా చెయ్యి అందుకుంటుంది కాబట్టి తెలుగులోనే. రాసి కమ్మికి గుచ్చేదాన్ని.

మా ఆయన భయం వేరు. తీర్పు వాళ్లవైపు వస్తే, జీతంలోంచి కోసి పంపమని సరాసరి ఆయన ఆఫీసుకే కాగితం వెళ్తుంది. అప్పటికి పది నెలలుగా కడుతున్నాం. ఆయన కంపెనీ మా గ్రీన్ కార్డు కాగితాలు మొదలుపెట్టబోతోంది. పైగా ఆ ఆఫీసులో సగంమంది మనవాళ్లే, తలా ఒక వంటకం తెచ్చుకునే శనివారం పాట్‌లక్‌లో పులిహోర గిన్నె పట్టుకుని ఎదురుపడేవాళ్లే. "ఆ కాగితం గనక వెళ్తే నేను అక్కడ తలెత్తుకు తిరగలేను," అన్నారు. ఆ మాట అన్నాక రెండ్రోజులు సరిగా అన్నం తినలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం తలుపు కొట్టారు. టోపీ పెట్టుకున్న పెద్దాయన, మా పేర్లు సరిగా పలకలేక అవస్థ పడుతున్నాడు. అపార్ట్‌మెంట్ ఆఫీసు మనిషనుకుని లోపలికి రమ్మన్నాను. ఎండన పడి వచ్చాడు కదా అని టీ ఇచ్చాను, ప్లేట్లో కారప్పూస పెట్టాను. శుభ్రంగా తిని, థాంక్యూ మేడం అని, ఒక కవరు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. విప్పితే కోర్టు సమన్లు. నా కారప్పూస తిని మరీ ఇచ్చి వెళ్లాడు.

ఇక్కడే మేం అసలు తప్పు చేశాం. మా ఆయన కాగితం చదివి స్థిమితపడ్డారు. "కేసంటే తేలేదెప్పుడు? మా తాతగారి గట్టు తగాదా ముప్ఫై ఏళ్లు నడిచింది. వాయిదాల మీద వాయిదాలు పడతాయి, ఈలోపు మన అప్పు తీరిపోతుంది," అన్నారు. నాకూ నిజమేననిపించింది. మనం చూసిన కోర్టు అదే మరి. కవరు కూడా కమ్మికి గుచ్చేసి, మూడు వారాలు హాయిగా ఉన్నాం.

నెలవారీ డబ్బు గురించి మాట్లాడుతూ మాటవరసకి "హనీ" గారితో ఆ సంగతన్నాను. ఆ కవరు ఏ రోజు అందిందని అడిగింది. తర్వాత చాలా నెమ్మదిగా చెప్పింది. ఇక్కడ వాయిదాలుండవు, అందిన ముప్ఫై రోజుల్లో జవాబు రాసివ్వకపోతే మమ్మల్ని అడగకుండానే తీర్పిచ్చేస్తారని. అప్పటికి ఇరవైనాలుగో రోజు.

లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చుని జవాబు నేనే టైప్ చేశాను. మొదటిది మరీ తిట్టినట్టుందని చింపేశాను. రెండోది పద్ధతిగా రాసి, ఇద్దరం సంతకాలు పెట్టి, ఇరవైఏడో రోజున కోర్టు గుమాస్తా చేతికిచ్చి ముద్ర వేయించుకున్నాను. రెండు నెలలకి రమ్మని తారీఖు వచ్చింది.

ఆ రోజు మా ఆయన సెలవు పెట్టి, టై కట్టుకుని కారు నడిపారు. గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను నా సంచీ మిషన్‌లో పెట్టి, అందులోంచి కాగితాల కమ్మి బయటికి లాగి, "ఇది లోపలికి రాదు" అన్నాడు. వాదించినా వినలేదు. అక్కడే బెంచీ మీద కూర్చుని పద్నాలుగు నెలల కాగితాలు ఒక్కొక్కటీ కమ్మి నుంచి ఊడదీసి, వరస తప్పకుండా పేర్చి, జడకున్న రబ్బరు బ్యాండు తీసి కట్టాను. జుట్టు విరబోసుకుని కోర్టులోకి వెళ్లాను.

లోపలికి పిలవకముందే వరండాలో వాళ్ల లాయరు వచ్చాడు. కుర్రవాడే, మంచి సూటు. "సగం ఇవాళ కడితే సర్దుకుందాం," అన్నాడు. మా ఆయన చెయ్యి పర్సు మీదికి పోయింది. నేను కట్ట విప్పాను. "పద్నాలుగు నెలలు, పద్నాలుగు రసీదులు. ప్రతి నెలా మీవాళ్లు డబ్బు తీసుకున్నారు. ఇష్టం లేకపోతే తిప్పి పంపాల్సింది," అన్నాను. నా ఇంగ్లిష్‌లో తప్పులున్నాయేమో తెలీదు, గొంతు మాత్రం వణకలేదు.

అతను తెలుగు చీటీలు చూసి ఇవేంటన్నాడు. మీ ఆఫీసు నుంచి వచ్చిన ఫోన్లు అన్నాను. ఒకటి తీసి చదువుకుంటూ ఇంగ్లిష్‌లో చెప్పాను. ఫలానా తారీఖు, పొద్దున పదీ పది, ఫలానా పేరు, "కట్టకపోతే పోలీసులు మీ ఆయన్ని ఆఫీసులోనే అరెస్టు చేస్తారు." రెండోది తీశాను. మూడోది తీస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పుకి అరెస్టు చేస్తామని బెదిరించడం చట్టం ఒప్పుకోదని "హనీ" గారు నాకు ముందే చెప్పింది. అతనికీ తెలిసే ఉంటుంది.

"ఇంకా ఎన్నున్నాయి?" అన్నాడు.

"ముప్ఫై ఒకటి. జడ్జి గారు వింటానంటే అన్నీ చదువుతాను."

అతను పక్కకెళ్లి ఫోన్లో మాట్లాడొచ్చాడు. చివరికి ఒప్పందం ఇదీ: ఉన్న ప్లాన్ ప్రకారమే మేం కట్టుకుంటూ పోతాం, ఒక్క నెలా తప్పనంతవరకు ఆఫీసుకి కాగితం వెళ్లదు. అలా రాసి, సంతకాలు పెట్టి జడ్జికిచ్చాం. జడ్జి పెద్దావిడ. కళ్లజోడు పైనుంచి నా విరబోసిన జుట్టుకేసి చూసి, నెలనెలా కడుతున్నారా అని అడిగింది. ఒక్క నెలా తప్పలేదన్నాను. గుడ్ అంది. ఈ దేశంలో ఆ రోజు వరకూ నాకెవరూ మార్కులు వేయలేదు. ఆ ఒక్క మాటకి నాకు ఒళ్లంతా గర్వం పొంగింది, దాచుకోవడం దేనికి.

తిరిగొస్తుంటే సెక్యూరిటీ అతను కమ్మి నా చేతికిచ్చాడు. కారెక్కాక మా ఆయన టై విప్పేశారు. "నువ్వు లేకపోతే నేను ఆ సగం ఒప్పేసుకునేవాణ్ణి," అన్నారు. ఎక్కడినుంచి తెచ్చేవారు అనడిగాను. ఐదో కార్డు అన్నారు.

2014లో అంతా తీరింది. నాలుగు కార్డులూ సున్నా అని సంస్థవాళ్లు పంపిన ఉత్తరాన్ని కమ్మికి ఆఖరున గుచ్చాను. ఇన్నేళ్లూ ఈ సంగతి మా ఆయన ఒక్కరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. ఎవరింటికెళ్లినా క్రెడిట్ కార్డుల మాటొస్తే మెల్లిగా క్రికెట్‌లోకి దిగేవారు.

ఆ ఏడాదే ఒక ఆదివారం, ఆయన ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయినీ అతని భార్యనీ వెంటబెట్టుకొచ్చారు. పిల్లాడికి జబ్బు చేసి కార్డుల మీద పెట్టారట. ఆ అమ్మాయి చేతిలో కోర్టు కవరు, ఇంకా విప్పలేదు. "కేసంటే ఎలాగూ ఏళ్లు పడుతుంది కదా ఆంటీ," అంది భయంభయంగా.

నేను టీ పెడదామని లేచాను. మా ఆయన నాకంటే ముందు లేచి లోపలికెళ్లారు. కమ్మిని కాగితాలతో సహా రెండు చేతులా పట్టుకొచ్చి, తన ఆఫీసు మనిషి ముందు టేబుల్ మీద పెట్టారు.

"ఇది మాది," అన్నారు. "మా ఆవిడ చెప్తుంది, వినండి."