మా బావ గాజు గదులు

మా అక్కను చేసుకున్న మహానుభావుడు ఊళ్ళోకెల్లా పెద్ద సభాభవనంలో మైకులు చూసుకుంటాడు. వీధి వీధంతా ఆయన్ని మైకుగారు అంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఎవరు వేదిక ఎక్కినా వాళ్ళకంటే ముందు మా బావ ఎక్కి, "హలో... ఒకటి, రెండు, మూడు" అని దిగిపోతాడు. మూడు దాటి మాట్లాడే అవకాశం ఆయనకెవరూ ఇవ్వలేదు. ఇంట్లోనూ అంతే, మూడో మాటకు మా అక్క అందుకుంటుంది.

జీవితంలో ఆయన సొంతంగా సాధించింది ఒక్కటే. పన్నెండేళ్ళ కిందట హాలు ఓనరు వెంటపడి, చెవిలో జోరీగలా పోరి, వెనక గోడకు ఆనించి మూడు గాజు గదులు కట్టించాడు. వేదిక మీద ఒకరు మాట్లాడుతుంటే ఈ గదుల్లో కూర్చున్న అనువాదకులు అది వింటూనే వేరే భాషలోకి చెప్పేస్తారు. కింద ఉన్నవాళ్ళు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎవరి భాషలో వాళ్ళు వింటారు. "మన ఊళ్ళో ఎన్ని దేశాలవాళ్ళు కాపురాలుంటున్నారు! ప్రపంచమంతా మీటింగులు పెట్టుకోడానికి ఇక్కడికే రావాలి" అని అప్పట్లో ఆయన వాదన.

ప్రపంచం రాలేదు. పుట్టినరోజులూ, రిటైర్మెంటు పార్టీలూ వచ్చాయి. వాటికి అనువాదం ఎందుకు? ఒక గదిలోకి విరిగిన కుర్చీలు చేరాయి. రెండోదాంట్లోకి రంగు డబ్బాలు. మూడోదాంట్లోకి, ఓనరుగారి భార్య ఒళ్ళు తగ్గడానికి కొని ఒక్కరోజు తొక్కి వదిలేసిన వ్యాయామం సైకిలు. అయినా బావ ప్రతి సోమవారం ఆ సైకిలు చుట్టూ తిరుగుతూ అద్దాలు తుడిచేవాడు. మా అక్క వాటిని చిలకల్లేని పంజరాలనేది.

అలాంటప్పుడు దేశదేశాల లిఫ్టు మెకానిక్కుల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళ మహాసభకు మూడు ఊళ్ళు అనుకున్నారట, అందులో మాది ఒకటి. చూసి పోవడానికి ముగ్గురు సభ్యులు వస్తున్నారు. ఓనరు బావను పిలిచి తేల్చి చెప్పేశాడు.

"మైకుగారూ, ఇది కూడా రాకపోతే ఆ గదులు కొట్టించేసి అక్కడ చేతులు కడుక్కునే పంపులు పెట్టిస్తాను. చూసుకో మరి."

బావ ముఖం పాలిపోయింది. ఆ ముఖంతోనే తిన్నగా నా కళ్ళజోళ్ళ దుకాణానికి వచ్చాడు.

"బామ్మర్దీ, రేపు నువ్వు గాజు గదిలో కూర్చోవాలి."

"నేనా? అసలు అనువాదకుల్ని పిలవచ్చు కదా బావా?"

"మీటింగు ఖాయం కాకుండా పిలవనంటున్నాడు ఓనరు. అయినా వాళ్ళెందుకు, నువ్వు లేవూ? ఇరవయ్యేళ్ళుగా వింటున్నాను. ఎవడు ఏ భాషలో వచ్చినా గలగలా మాట్లాడి పంపేస్తావు. మీ పక్క దుకాణాల టైలరూ అంతే, సెలూనాయనా అంతే. వాళ్ళిద్దరికీ చెప్పేశాను. మేధావులు మీరు ముగ్గురూ!"

నిజం చెప్పాల్సింది అప్పుడే. కానీ నన్ను మేధావి అన్నవాళ్ళు అంతకుముందు లేరు. పైగా ఎదురుగా ఒక గిరాకీ కూర్చుని వింటోంది. "చూద్దాంలే బావా" అన్నాను, చొక్కా కాలరు సర్దుకుంటూ.

నిజమేమిటంటే నాకు ఆరు భాషలు వచ్చు, ఒక్కోదాంట్లో పన్నెండు వాక్యాలు. అవన్నీ కంటి పరీక్షకు సంబంధించినవి. టైలరుకు కొలతలు వచ్చు. సెలూనాయనకు జుట్టు వచ్చు. మిగతావాళ్ళకు ఇంకాస్త వచ్చేమోనని ఎవరికి వాళ్ళం ధైర్యం చెప్పుకున్నాం.

మర్నాడు సభ్యులు వచ్చారు. గడకర్రలా పొడుగాటి ఒకావిడ, గుమ్మంలో పట్టనంత లావాయన, తళతళలాడే బట్టతల ఆయన. ముందు వరసలో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. కుర్చీలూ, డబ్బాలూ, సైకిలూ ఓ మూలకి నెట్టి మేం తలో గాజు గదిలో కూర్చున్నాం. ఆవిడ భాషలో చెప్పాల్సింది టైలరు, బట్టతల ఆయన భాషలో సెలూనాయన, లావాయన భాషలో నేను. ఓనరు వేదికెక్కి గొంతు సవరించుకున్నాడు.

"మా నగరం పది భాషల పూలతోట! మా ఆతిథ్యం..."

ఇక మాట్లాడమన్నట్టు నా మైకు మీద ఎర్ర దీపం వెలిగింది. పూలతోటను లావాయన భాషలో ఏమంటారో నాకెలా తెలుస్తుంది? అద్దం అవతల బావ రెండు చేతులూ ఎత్తి మాట్లాడు, మాట్లాడు అని బతిమాలుతున్నాడు. నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"నమస్కారం. నిటారుగా కూర్చోండి" అన్నాను ఆయన భాషలో.

లావాయన నిటారుగా కూర్చున్నాడు.

"గడ్డం కొంచెం పైకి. ఎడమ కన్ను మూయండి. కింది వరస చదవండి."

చెవిలో అంత నమ్మకంగా ఎవరైనా చెబితే చెయ్యకుండా ఉండలేం కాబోలు. ఆయన ఎడమ కన్ను మూసి, వేదిక మీది బ్యానరు కింది వరస కూడబలుక్కోవడం మొదలెట్టాడు. సగంలో ఆగిపోయాడు. పాపం, కనబడటం లేదు.

ఆ పక్కన పొడుగావిడ ఉన్నట్టుండి రెండు చేతులూ బార్లా చాచింది. ఒక చెయ్యి బట్టతల ఆయన చెవికి తగిలింది. ఆయన అదేమీ పట్టించుకునే స్థితిలో లేడు. రెండు చేతులతోనూ తన నున్నటి తల తడుముకుంటున్నాడు. మీదా వెనకా ఎంత తియ్యమంటారని సెలూనాయన అప్పటికి మూడోసారి అడిగాడట.

ఇదంతా చూసి ఓనరు, తన ఉపన్యాసానికి జనం ఊగిపోతున్నారనుకుని గొంతు ఇంకా పెంచాడు. మా బావకైతే ఆనందంతో కాళ్ళు నేలమీద లేవు.

అంతలో పొడుగావిడ మైకు అందుకుని తన భాషలో ఒక పెద్ద ప్రశ్న అడిగింది. అది మన భాషలో చెప్పాల్సింది టైలరు. ఓనరు అతని గది వైపు తిరిగాడు.

"ఆవిడకి... శుక్రవారానికి కావాలటండీ" అన్నాడు టైలరు.

"ఏం కావాలి?" అన్నాడు ఓనరు.

"అది మాత్రం చెప్పలేదండీ."

బావ నా గది తలుపు తోసుకుని వచ్చాడు. "బామ్మర్దీ, ఇందాకట్నుంచీ నువ్వు ఆయనకేం చెబుతున్నావు?"

"మా దుకాణంలో చెప్పేవే బావా. నాకు వచ్చినవి అవే."

"వాళ్ళిద్దరూ?"

"వాళ్ళకొచ్చినవి వాళ్ళు."

ఆ క్షణంలో ఆయన్ని చూస్తే నాకు తల కొట్టేసినట్టయింది. చేత్తో ఒకసారి అద్దం నిమిరి, తిన్నగా వెళ్ళి వేదికెక్కాడు.

"అయ్యా, అమ్మా. వీళ్ళు అనువాదకులు కారండి. మా వీధిలో దుకాణాలవాళ్ళు. తప్పు నాది. వీళ్ళు మీవాళ్ళతో రోజూ మాట్లాడుతుంటే వినడానికి హాయిగా ఉంటుందండి. అంత హాయిగా మాట్లాడేవాళ్ళకి అన్నీ వచ్చనుకున్నాను. గదులు మాత్రం మంచివండి."

ఇరవై రెండేళ్ళలో అదే ఆయన పెద్ద ఉపన్యాసం. ఓనరు అప్పుడే పంపులు ఎక్కడెక్కడ పెట్టాలో వెనక గోడను కళ్ళతో కొలుస్తున్నాడు. బట్టతల ఆయన మెల్లగా లేచాడు. ఆయనకు మన భాష కాస్త వచ్చట! ఆ ముక్క ముందే చెప్పి ఉంటే మా పరువు కొంతైనా దక్కేది. బావ చెప్పినదంతా మిగతా ఇద్దరికీ వినిపించి, "ఆ దుకాణాలు చూడొచ్చా?" అని అడిగాడు.

మధ్యాహ్నమంతా మా వీధిలోనే తిరిగారు. పొడుగావిడ కోటు టైలరు దగ్గర వదులు చేయించుకుంది. బట్టతల ఆయన గడ్డం గీయించుకున్నాడు. లావాయన నా కుర్చీలో కూర్చుని ఎడమ కన్ను మూశాడు. ఈసారి నా పన్నెండు వాక్యాలూ ఒక్కటి పొల్లు పోలేదు. కొత్త జోడు పెట్టుకుని గోడ మీది క్యాలెండరు మొత్తం పైకి చదివాడు, చిన్నపిల్లాడిలా.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. సభ మా ఊళ్ళోనే. "వచ్చే నాలుగు వందల మందికీ సభలో అనువాదకులు ఏ ఊళ్ళోనైనా ఉంటారు, సభ బయట మాత్రం ఏ ఊళ్ళోనూ ఉండరు. మీ ఊళ్ళో సభలో తప్ప అన్నిచోట్లా ఉన్నారు" అని రాశారు. గాజు గదుల్లోకి అనువాదకుల్ని వాళ్ళే తెచ్చుకుంటారట. "ఆ రోజు కూర్చున్న ముగ్గురినీ దయచేసి వారి దుకాణాల్లోనే ఉంచగలరు" అని కింద గీత గీసి మరీ రాశారు.

విరిగిన కుర్చీలూ, డబ్బాలూ, సైకిలూ మా అక్క ఇంట్లోకి చేరాయి. సభరోజున దుకాణం కట్టేసి నేను, వంట పక్కన పెట్టి అక్క, వెనక తలుపు దగ్గర నిలబడ్డాం. మూడు గదుల్లోనూ అసలైన అనువాదకులు పెదాలు కదుపుతున్నారు. ఒకాయన అద్దం మీద చెయ్యి ఆనిస్తే బావ వెళ్ళి మర్యాదగా తీయించాడు. తర్వాత మూలన స్టూలు మీద కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. లిఫ్టుల ఇనపతాళ్ళ గురించిన ఉపన్యాసం రెండు గంటలు సాగింది. ఆయన కదల్లేదు.

అయిపోయాక అక్క వెళ్ళి హెడ్‌ఫోను ఒక చెవి మీంచి తొలగించింది.

"ఏమండీ, అంతసేపు విన్నారు, ఏమర్థమయింది?"

"ఒక్క ముక్క కాలేదే" అన్నాడు బావ, కళ్ళు తుడుచుకుంటూ. "ఎంత బాగా చెబుతున్నారో!"