నేలతంగేడు పొట్లం కింద చీటీ

యానాం నుంచి పుదుచ్చేరికి బదిలీ అయిన మొదటి ఏడాది నాకు రెండే భయాలు. ఆఫీసులో తమిళం, ఇంట్లో పాప కడుపు. అయిదేళ్ళ పిల్ల. నీళ్ళు పడలేదో ఏమో, నాలుగు రోజులైనా దొడ్డికి వెళ్ళేది కాదు.

నెల్లితోపులో మేం అద్దెకున్న ఇంటి మామ్మగారిది తరాల క్రితమే ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబం. నేను ఆఫీసుకు వెళ్తే పాప ఆవిడ దగ్గరే ఉండేది. విరేచనం అవుతుందని విల్లియనూరు నుంచి నేలతంగేడు ఆకుపొడి తెప్పించింది ఆవిడే.

"చిటికెడే మా. వేన్నీళ్ళలో కలిపి ఒక్కతూరి. మించితే పేగు పిండేస్తాది," అన్నారు.

మా వైపు దాన్ని సునాముఖి అంటారు. ఆకే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నాను. అదీ నా తెలివి.

మర్నాడు పొద్దున్న నేనే చిటికెడు పట్టాను. బస్సు వేళయింది, మామ్మగారు స్నానంలో ఉన్నారు. కాగితం మీద ఉంటేనే మాట చెల్లుతుందనుకునే గుమస్తా బుద్ధి నాది. 'మందు పట్టేశాను, మళ్ళీ పట్టొద్దు, గంజి చాలు' అని రాసి పొట్లం కింద పెట్టాను.

"చీటీ పెట్టాను మామ్మగారూ!"

"సరే మా," అన్నారు లోపల్నుంచి.

మధ్యాహ్నం ఆఫీసుకు ఫోను. పాపకు విరేచనాలు ఆగడం లేదట, ఆస్పత్రికి తీసుకెళ్ళారట. ఎలా వెళ్ళానో ఇప్పటికీ గుర్తు లేదు.

పాప కళ్ళు లోపలికి పోయాయి. పెదవులు ఎండిపోయాయి. ఏడుస్తోంది, ఒక్క చుక్క కన్నీరు రావడం లేదు. చేతికి సెలైన్ ఎక్కిస్తున్నారు. పోతుందేమో అనుకున్నాను.

మందు ఎన్నిసార్లు పట్టారని డాక్టరు అడిగాడు.

"ఒక్కసారే," అన్నాను.

"నేనూ ఒక్కతూరే," అన్నారు మామ్మగారు.

డాక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆకైనా మందేననీ, డాక్టరును అడగకుండా పిల్లలకు అసలు పట్టకూడదనీ, ఒంట్లో నీరంతా పోతే ప్రాణం మీదకే వస్తుందనీ తమిళంలో చీవాట్లు పెట్టాడు. ఆ తిట్లను నాకు తెలుగులో చెప్పింది మామ్మగారే.

నాకు ఒళ్ళు మండిపోయింది. "చీటీ రాసి పెట్టానుగా! చూసుకోవద్దా?" అని అందరి ముందూ అరిచాను.

ఆవిడ బొడ్లోంచి చీటీ తీశారు. చెమటకు తడిసిపోయి ఉంది.

"ఇది ఎత్తుకొని నాలుగిండ్లు తిరిగినా మా. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళే గాని సదివేవాళ్ళు యాడుండారు? మందు పొట్లం కింద పెట్టినావు గదా, పట్టమని రాసినావనుకొంటి."

"మరి సరే అన్నారేంటండీ?"

"సదవను రాదని నీకెట్ట చెప్పేది? సిగ్గయింది."

తెలుగు మాట్లాడతారు కాబట్టి చదువుతారనే అనుకున్నాను. ఒక్కరోజైనా అడిగింది లేదు.

సాయంత్రానికి పాప మళ్ళీ ఏడ్చింది. ఈసారి చెంపలు తడిశాయి. ఆ తడిని వేలితో ముట్టుకుని నేనూ ఏడ్చాను.

ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో పట్టమన్నారు. చెంచా మామ్మగారికి అందించాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నువ్వే పట్టు మా. ఎన్నితూర్లు పట్టినావో నాకు నోటితో చెప్పు, చాలు."