అరవై మందికీ కుక్కలంటే భయం

ఆ రోజుల్లో చదువు క్యాంపస్‌లో ఉంటుందని, బతుకు తార్నాక ఇరానీ హోటల్లో ఉంటుందని మాకో నమ్మకం. రెండింటినీ ఒకేచోట కానిచ్చేస్తే శ్రమ తగ్గుతుందని కనిపెట్టినవాణ్ణి నేనే. సైన్యంలోకి మనుషుల్ని ఎంచుకునే పరీక్షలు తయారుచేసినందుకు మొన్న మా కొలతల మాస్టారికి క్యాంపస్ హాల్లో పురస్కారం ఇస్తుంటే, వెనక వరసలో కూర్చున్న నాకు ఆ కనిపెట్టడమే గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

ఆయన మాకు మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. (ధైర్యాన్ని కూడా కొలవొచ్చనేవారు కాబట్టి కొలతల మాస్టారని పేరు పెట్టాం. ఆయనకు తెలుసు, పట్టించుకోలేదు.) ఆ ఏడు సిపాయిల ఎంపిక కోసం ఒక పరీక్ష రాశారు. సగంలో ఆపేసిన వాక్యాలు నలభై ఉంటాయి, మనసుకు మొదట తోచిన మాటతో పూర్తిచేయాలి. దాన్ని పైకి పంపేముందు మామూలు కుర్రాళ్ళతో రాయించి చూడాలి. అదే నా ప్రాజెక్టు. సీతాఫల్‌మండి, మెట్టుగూడ, లాలాగూడ తిరిగి అరవై మందితో రాయించుకొస్తే మాస్టారు సంతకం పెడతారు, ఆ సంతకం ఉంటేనే నాకు హాల్ టికెట్.

ఎండలో తిరగడమెందుకని ఇరానీ హోటల్లో ఫ్యాను కింద మూడు రోజులు కూర్చుని ఆ అరవై మందీ నేనే అయిపోయాను. ఊరికే కాదు. మూడు రంగుల సిరా మార్చాను. మెట్టుగూడ వాళ్ళకు అక్షరాలు పక్కకు వాల్చాను, లాలాగూడ వాళ్ళకు ఎడమచేత్తో రాశాను. (చివరికొచ్చేసరికి, ఇంతకన్నా వెళ్ళి రాయించుకురావడమే తేలికేమో అనిపించిన మాట నిజం.)

కాగితాలిచ్చిన మర్నాడే మాస్టారు పిలిచారు. బల్ల మీద నా అరవై మందీ వరసగా ఉన్నారు.

"కూర్చోవయ్యా. 'కొత్త వీధిలోకి వెళ్ళగానే నేను ముందు చూసేది' అని ఇచ్చాను కదా. ఇతను 'కుక్క ఉందా అని' అన్నాడు. బాగుంది. ఇతను 'గేటు మీద బోర్డు' అన్నాడు. ఏం బోర్డంటావు?"

"కుక్క ఉన్నది జాగ్రత్త అనేమోనండీ."

"ఇతను 'చేతికందే రాయి'. ఇతను 'ఎక్కడానికి గోడ'. అరవై మందయ్యా. అవతలివాడు ఒక్క కుక్కను తెచ్చుకుంటే చాలు, సరిహద్దు ఖాళీ."

ఆయన గొంతు పెంచలేదు. "రేపు నిజంగా పరీక్ష రాసేవాళ్ళను వీళ్ళతోనే పోలుస్తారు. అప్పుడు కుక్కకు భయపడనివాడే తేడా మనిషవుతాడు. వాడేం చేశాడని?" అంటూ అరవై ఖాళీ కాగితాలు నా చేతిలో పెట్టారు. "సోమవారం దాకా చూస్తాను."

మొదట లాలాగూడ వెళ్ళాను. రైల్వే వర్క్‌షాపులో పనిచేసే కుర్రాడొకడు గుమ్మంలో కూర్చున్నాడు, పక్కనే గోధుమరంగు కుక్క. నేను గేటు బయటే ఆగాను.

"లోపల్కి రా అన్నా, గదేం చెయ్యది. నిన్ను జూసి అదే భయపడ్తున్నది."

గేటు లోపలికి ఒక్క అడుగు వేసి, నిలబడే వచ్చిన పని చెప్పాను.

"గిది రాస్తే మిలిటరీల తీస్కుంటరా?"

"తీసుకోరు. పరీక్ష సరిగా ఉందో లేదో చూడ్డానికంతే."

"అంటే నాకేం రాదు."

"రాదు."

అతను కుక్క మెడ నిమిరాడు. "నేను రెండుసార్లు పోయిన అన్నా. వాపస్ పంపిండ్రు. ఎందుకో చెప్పలే. ఇటియ్యి, రాస్త. మా తమ్ముడు పోయేటప్పటికన్న పరీక్ష సక్కగుంటది."

నలభై వాక్యాలూ తలెత్తకుండా రాశాడు. ఆ సేపంతా కుక్క నా చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంది, నేను ఊపిరి కూడా పొదుపుగా పీల్చాను. కొత్త వీధిలో ముందు చూసేదేమిటన్న చోట అతను రాసింది: 'తెలిసినోళ్ళెవరన్న ఉన్నరా అని.' ఏ రంగు సిరాతో రాసినా నాకా మాట తోచేది కాదు. మిగతా యాభై తొమ్మిది మంది గుమ్మాలూ ఎక్కాను. సోమవారం సంతకం పడింది.

మొన్న సభ అయ్యాక మాస్టారి దగ్గరికి వెళ్ళి వంగి దణ్ణం పెట్టాను. దండల మధ్య నుంచి నన్ను పరకాయించి, "అరవై మందీ కులాసాయేనా?" అన్నారు.

"కులాసాయేనండీ. పొద్దున నడకకు మాత్రం కర్ర పట్టుకెళుతున్నారు."

ఆయన భుజాలు కదిలేలా నవ్వారు. అక్కణ్ణుంచి నడుచుకుంటూ తార్నాక వచ్చాను. ఇరానీ హోటలున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. ఆగి, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని చూశాను. ఎవరూ లేరు. తరవాత కుక్క ఉందా అని చూశాను. ఉంది.