ఆ రాకీ ఎవరికి?

మా ద్వీపంలో హన్యా ఊరి పాత రేవు వెంట కుర్చీల్లో ఎండకి కూర్చునేవాళ్లు మా ఊరివాళ్లు కారు. ఎక్కడ తినాలి, ఎక్కడ తాగాలి అని ఫోన్లు చూసుకుంటూ వచ్చి, అలలు కనిపిస్తున్నాయని చేపకి రెట్టింపు ధర ఇచ్చుకునే అమాయకులు వాళ్లు. మావాళ్లు తినేది రేవుకి వీపు తిప్పి, స్ప్లాంజా పేట వెనక సందుల్లో. ఆర్గిరో కాఫీకొట్టు అలాంటి సందులోనే ఉంది. పేరుకే కాఫీకొట్టు. పొద్దు వాలాక అక్కడ కాఫీ అడిగినవాణ్ణి ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

కొట్టు ఆర్గిరో తల్లిది. తల్లి పోయిన ఏడాది, ఇంకా పెళ్లి కూడా కాకుండానే, ఆర్గిరో గరిటె పట్టుకుంది. అప్పటినుంచీ పొద్దున్నే శనగలు నానబెట్టడం, నత్తల్ని ఉప్పు పరిచిన పెనం మీద వేయించి వెనిగరు చిలకరించడం, బార్లీ రొట్టెల మీద టమాటా తురమడం ఆమె బతుకైపోయింది. ఏం వండిందో తెలియాలంటే వంటింట్లోకి తొంగిచూడాలి. ధరల పట్టిక లేదు. ఉండకూడదని ఆమె తండ్రి పోలిక్రోనిస్ పట్టుదల.

ఆమె మొగుడు ఫోతిస్‌ది ఈ ద్వీపం కాదు, సముద్రం అవతల వోలోస్ ఊరు. సైన్యంలో పని మీద వచ్చి, ఒక పూట ఈ కొట్లో నత్తలు తిని, ఇక వెళ్లలేదు. మనిషి బంగారం, కాకపోతే తోచకుండా కూర్చోలేడు. సందులో కూడా నాలుగు బల్లలు వేద్దాం, వంటకాల ఫోటోలు పెడదాం అనేవాడు. మామ విననట్టు ఊరుకునేవాడు. చివరికి ఒక వేసవిలో ఇంట్లో కాచిన రాకీ, అదే ద్రాక్షసారా, అయిపోతే ఫోతిస్ బజారు సీసా కొనుక్కొచ్చి, కూజాలో పోసి, "మా మామ కాచిందే" అని నలుగురు జర్మన్ల ముందు పెట్టాడు. పోలిక్రోనిస్ ఒక గుక్క తాగి చూశాడు. కూజా తీసుకెళ్లి అందరూ చూస్తుండగా సందులో పారబోశాడు. ఏటా శరదృతువులో ద్రాక్షపిప్పిని రాత్రింబగళ్లు కూర్చుని కాచే మనిషి మరి. "నా పేరు పెట్టి మురికినీళ్లు అమ్ముతావురా?" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు.

మాటలు లేకపోయినా ఇద్దరూ రోజూ అక్కడే తినేవారు. తండ్రి కిటికీ దగ్గర, మొగుడు మూల బల్ల దగ్గర మామకి వీపు పెట్టి. "ఉప్పు తగ్గిందని మీ ఆయనతో చెప్పు" అని తండ్రి, "వండింది నేను కాదని మీ నాన్నతో చెప్పు" అని మొగుడు. మధ్యలో ఆర్గిరో. ఇద్దరి మీదా పళ్లు నూరుకుంటూనే ఇద్దరికీ వడ్డించేది.

ఇలా ఎన్నేళ్లు గడిచేదో గాని, ఆ వసంతంలో ఫోతిస్ అవతలి ఒడ్డున పిరేయస్‌లో తన అన్న హోటల్లో పని కుదుర్చుకున్నాడు. మూడో రోజు పొద్దున్నే పడవ. "నువ్వూ రా ఆర్గిరో. రాకపోతే ఉండిపో, నేను మాత్రం ఉండలేను. ఈ ఇంట్లో నేను కుర్చీతో సమానం" అన్నాడు. వెళితే తండ్రి ఒంటరి, ఉంటే తను ఒంటరి. ఆమె రెండు రోజులు ఆలోచించి ఎటూ తేలక, శనగల్లో రెండుసార్లు ఉప్పేసింది.

ఆ చివరి సాయంత్రం మూల బల్ల పక్క బల్లకి ముసలి ఇయాకోవోస్ వచ్చి కూర్చున్నాడు. రేవులో తాళ్లు కట్టే పని చేసి మానేసిన మనిషి, గుండె ఆపరేషనయ్యి నిన్ననే ఇల్లు చేరాడు. కొట్టంతా ఆయన్ని పలకరించింది. కాసేపటికి పోలిక్రోనిస్ కూతురి వైపు చూసి, గడ్డంతో మూలకి సైగ చేశాడు.

"అక్కడికో చిన్న కూజా. నాది."

నాది అంటే తన ఖాతా అని. ఎవరు ఎవరికి పంపినా మా దగ్గర పేరు పెట్టి అరవరు. తెచ్చిన మనిషి కూజా పెట్టి, పంపినవాళ్ల వైపు చూపు తిప్పితే చాలు. పుచ్చుకున్నవాడు గ్లాసెత్తాలి. వద్దనడానికి లేదు. వద్దంటే ముఖం మీద తలుపేసినట్టే, ఆ తర్వాత ఇద్దరి ఇళ్లలోనూ పెళ్లికీ చావుకీ రాకపోకలుండవు.

ఆర్గిరో కూజా నింపి నడిచింది. ఆ నాలుగడుగుల్లో బుర్రలో ఏముందంటే పడవ, సంచి, తండ్రి చొక్కాలు ఎవరుతుకుతారు అన్నది, అంతే. కూజా బల్ల మీద పెట్టి తలెత్తేసరికి ఎదురుగా ఉన్నది ఇయాకోవోస్ కాదు, ఫోతిస్. ఆమె చూపు అప్పటికే అలవాటుగా కిటికీ వైపు తిరిగిపోయింది.

ఫోతిస్ కూజా వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. కుర్చీ చప్పుడయ్యేలా వెనక్కి తిరిగి, అన్నేళ్లలో మొదటిసారి మామకి ఎదురుగా కూర్చుని, గ్లాసెత్తాడు.

అటు తండ్రి గడ్డం కిందికి జారిపోయింది. ఆయన ఇయాకోవోస్‌ని చూశాడు, అల్లుణ్ణి చూశాడు, ఖాళీగా ఉన్న తన చేతిని చూసుకున్నాడు. ఆ చెయ్యి వెతుక్కుంటూ వెళ్లి గ్లాసు పట్టుకుని గాల్లోకి లేచింది. ఫోతిస్ ఒక్క గుక్కలో తాగేశాడు.

ఆర్గిరో వంటింట్లోకి పారిపోయింది. వెనకే తండ్రి వచ్చాడు. భార్య పోయాక ఆయన అందులో అడుగుపెట్టింది లేదు.

"ఏమే, ఎవరికి ఇచ్చావే?"

"నువ్వు మూలకి చూపించావు నాన్నా."

"మూలలో ఇయాకోవోస్ లేడూ! చావు తప్పించుకుని వచ్చినవాడికి పంపకుండా ఎవరికి పంపుతాను?"

"అయితే వెళ్లి చెప్పు, పొరపాటైందని."

"పంపింది వెనక్కి ఎలా అడుగుతానే, సిగ్గులేకుండా?" ఆయన ఒక అడుగు తలుపు వైపు వేశాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు. "కావాలనే చేశావా?"

"తెలీదు" అంది ఆర్గిరో. నిజంగానే తెలీదు. చెయ్యి పొరబడిందా, మనసు పొరబడనిచ్చిందా అని ఎంత తవ్వుకున్నా ఆ నాలుగడుగులు ఆమెకి గుర్తుకు రావడం లేదు. "నువ్వు గడ్డం ఎటు తిప్పావో నీకు గుర్తుందా?"

పోలిక్రోనిస్ గడ్డాన్ని ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పి చూసుకున్నాడు. "ఇలా అనుకుంటా" అన్నాడు, నమ్మకం లేకుండా.

గుమ్మంలో ఫోతిస్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో. మామని కాదు, పెళ్లాన్ని అడిగాడు.

"నిజం చెప్పు. అది మీ నాన్న పంపిందా, నువ్వు తెచ్చి పెట్టిందా?"

నాన్నే పంపాడని అబద్ధం చెబితే మొగుడు ఉంటాడేమో. నిజం చెబుదామన్నా నిజం ఏదో ఆమె దగ్గర లేదు. "నన్నడక్కు ఫోతిస్, నాకు తెలీదు" అని ఏడ్చేసింది.

కూతురు ఏడుస్తుంటే ముసలాయనకి ఒళ్లు మండింది. ఆ మంటలో మౌనవ్రతం సంగతే మర్చిపోయాడు.

"ఎవరు పంపారని పెళ్లాన్ని అడుగుతావేంట్రా? తాగావు కదా! అది ఎవరి చేతిదో నాలుక్కి తెలీలేదా?"

ఫోతిస్ పెదాలు నాలుకతో తడుముకున్నాడు.

"తెలిసింది మామా. ఈసారిది మొదటి ధార అనుకుంటా. గొంతు కాలలేదు."

"మొదటి ధారా నీ మొహమూ! మధ్య ధార. బట్టీలోంచి మొదట కారింది పెద్దమనుషులెవరూ తాగరు, ఇన్నేళ్లున్నావు, ఇది కూడా నేర్చుకోలేదు." అని, తను ఎవరితో మాట్లాడుతున్నాడో అప్పుడు గుర్తొచ్చి ఆగిపోయాడు. పంపిన కూజాలాగే ఆ మాటల్నీ వెనక్కి తీసుకోవడం కుదరదు.

బయట ఇయాకోవోస్ గొంతు వినిపించింది. "గుండె కోయించుకుని వచ్చానర్రా, నాకెవరూ ఓ చుక్క పంపరేం?"

ఫోతిస్ తలుపు చెక్కని గోటితో గీకుతూ నిలబడ్డాడు. పుచ్చుకున్న కూజాకి బదులు పంపి తీరాలి. అదీ ఆ సాయంత్రమే కాదు. అప్పటికప్పుడు పంపితే తిరిగి విసిరికొట్టినట్టు. మర్నాడో, ఆ తర్వాతో, పంపినవాడు తన చోట కూర్చుని ఉండగా పంపాలి. పడవేమో పొద్దున్నే. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు, ముగ్గురూ నేల చూస్తున్నారు.

"రేపు సాయంత్రం ఎన్నింటికి వస్తావు మామా?" అన్నాడు ఫోతిస్ చివరికి.

"రోజూ వచ్చే వేళకే వస్తాను. నాకు పిరేయస్‌లో పనేముంది?"

ఫోతిస్ తలూపి, ప్రయాణానికి సర్ది గోడకి ఆనించిన సంచి తీసుకుని మళ్లీ పైకి, వాళ్ల గదిలోకి వెళ్లాడు. ఆర్గిరో మెట్ల మీద అతని అడుగులు వింటూ, ఇయాకోవోస్‌కి ఈసారైనా చూసి ఇవ్వమని తండ్రి అరుస్తున్నా కదలలేక, చేతిలో మరో ఖాళీ కూజాతో అక్కడే నిలబడిపోయింది.