మూడు నిమిషాలాయన

లైబ్రరీ పై అంతస్తు హాల్లో నెలనెలా మొదటి శనివారం సాయంత్రం రిటైరైనవాళ్ళు కలుస్తారు. ముప్పై మంది దాకా వస్తారు. ఎవరో ఒకరు తాము చేసిన ఉద్యోగం గురించి ముప్పావుగంట మాట్లాడతారు. తర్వాత టీ, బిస్కెట్లు, మోకాళ్ళ నొప్పుల కబుర్లు. పోయిన ఏడాది ఒక నెల ఆ వంతు టెలిఫోనమ్మకు వచ్చింది.

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో, దూరపు ఊళ్ళకు కాల్స్ కలిపే ట్రంక్ బోర్డు మీద ఇరవై ఆరేళ్ళు పనిచేసింది కాబట్టి అందరూ ఆవిడను అలాగే పిలిచేవారు. డెబ్బై రెండేళ్ళు వచ్చినా గొంతు మాత్రం ఖంగున మోగుతుంది. నలుగురు చేరితే చాలు, కడుపుబ్బ నవ్విస్తుంది. ప్రసంగమనగానే కోడలు, "అత్తయ్యా, నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకోండి" అంది.

"కాగితమెందుకే? నోరుంది కదా" అని కొట్టిపారేసింది.

ఆ సాయంత్రం బోర్డు గురించి చెప్పింది. పొద్దస్తమానం హెడ్‌ఫోన్ నొక్కుకుని చెవులు కందిపోవడం గురించి చెప్పింది. అందరూ శ్రద్ధగా విన్నారు, కానీ నవ్వలేదు. ఆవిడకు నవ్వు కావాలి. అందుకని తన దగ్గరున్న వాటిలో పెద్దది బయటికి తీసింది.

"మా ఎక్స్‌ఛేంజిలో ఆయనకు మూడు నిమిషాలాయన అని పేరు పెట్టాం. ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఒకే నంబరుకు కాల్ బుక్ చేసేవాడు. మనిషికి నత్తి. అన్నగారితో మాట్లాడాలట. అవతల వదినగారు ఎత్తి, ఇంట్లో లేరు అనేది. ఈయన పెట్టేయడే! హ... హ... హలో వదినా, ఎ... ఎ... ఎప్పుడొస్తారు వదినా అంటూ ఒక కాల్‌కు ఇచ్చే మూడు నిమిషాలూ లాగేవాడు. ఆ అన్నగారు పక్కనే కూర్చుని, లేనని చెప్పవే అని ఒకటే నవ్వు! ఈయనకు లైను కలపకముందే కాబట్టి మాకు వినిపించేది, పాపం ఈయనకు వినిపించేది కాదు. రెండేళ్ళండీ, ఒక్క ఆదివారం మానలేదు!"

నత్తిని అచ్చంగా దింపింది. హాలు గొల్లుమంది. స్కూలు టీచరుగా రిటైరైన సంఘం సెక్రటరీ గారైతే నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. మెచ్చుకోళ్ళన్నీ మూటగట్టుకుని టెలిఫోనమ్మ మెట్లు దిగుతోంది. మలుపు దగ్గర గడియారాలాయన నిలబడి ఉన్నాడు.

గడియారాలు బాగుచేసేవాడాయన. అందరికంటే ముందు వచ్చి కుర్చీలు వేసి, చివరి వరుసలో కూర్చుంటాడు. ఎవరు పలకరించినా తలూపి ఊరుకుంటాడు. రెండేళ్ళుగా వస్తున్నా ఆయన గొంతు విన్నవాళ్ళు తక్కువ. మితభాషి అనుకునేవాళ్ళు.

"అ... అ... అది నేనేనండీ" అన్నాడు.

నలభై ఏళ్ళైనా ఆ గొంతు పోల్చుకోవడానికి ఆవిడకు ఒక్క క్షణం చాలింది. ఏదో అనబోయేలోగా ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి తలనొప్పని చెప్పి పడుకుంది. ఉద్యోగంలో చేరిన రోజు, లైన్లో విన్నది బయటపెట్టనని సంతకం చేసింది. అసలు వినకూడదు కూడా. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ఇంటికి ఎవరు వచ్చినా ఆ కథే. పిల్లలు చిన్నప్పుడు "అమ్మా, నత్తాయన కథ చెప్పు" అని వెంటపడితే రోజూ చెప్పింది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆయన ఒక మనిషని, ఎక్కడో బతికి ఉంటాడని తట్టలేదు. అది తలచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మరుసటి నెల గడియారాలాయన రాలేదు. ఆపై నెలా రాలేదు. "ఒంట్లో బాగాలేదేమో" అన్నాడు సెక్రటరీ. విషయం తెలిసిన మనిషి తనొక్కతే అయినా టెలిఫోనమ్మ నోరు మెదపలేదు. చివరికి గోడ గడియారం ఆగిపోయిందని అబద్ధమాడి సెక్రటరీ దగ్గర ఆయన చిరునామా పుచ్చుకుంది. ఆ అబద్ధానికి కూడా సిగ్గేసింది.

ఆయన ఉండేది ఒకే గది. కిటికీ కింద బల్ల, దాని మీద సీసా మూతల్లో వేరు చేసి పెట్టిన బుల్లి మరలు. ఆయన తలుపు తీసి, పొమ్మనలేదు, రమ్మనలేదు. ఆవిడే లోపలికి వచ్చి నిలబడింది.

"బాబూ, నేను చేసింది..."

"అది త... తర్వాత" అన్నాడు. "ముందు ఒకటి చెప్పండి. లేనని చెప్పమంది మా అన్నయ్యేనా? మీ చెవులతో విన్నారా?"

"విన్నాను."

"నవ్వాడా?"

ఆవిడ కళ్ళు మూసుకుని, ఇన్నేళ్ళూ తను చెబుతూ వచ్చిన కథను పక్కకు నెట్టి, దాని కిందున్నదాన్ని వెతికింది. నవ్వు లేదు. మొదట్లో లేదు. రెండోసారో మూడోసారో చెప్పినప్పుడు, వినేవాళ్ళకు బాగుంటుందని తనే చేర్చింది.

"నవ్వలేదు. నవ్వు నేను కలిపాను" అంది. ఆ మాట అనడం క్షమించమని అడగడం కంటే కష్టమైంది.

"ఇంకేం కలిపారు?"

"కలపలేదు. తీసేశాను" అంది ఆవిడ. "మీకు లైను కలిపేలోగా మీ వదినగారు ఆయనతో అనేది. ఒక్కసారి మాట్లాడండి, పాపం, మీకు దణ్ణం పెడతాను అని. దాదాపు ప్రతి వారం అనేది. అది చెబితే ఎవరూ నవ్వరని... వదిలేశాను."

గడియారాలాయన స్టూలు మీద కూలబడ్డాడు. అప్పుడు తమ ఇంటి సంగతి చెప్పాడు. నాన్న పోయినప్పుడు అన్నదమ్ములు మాటా మాటా అనుకున్నారు. తర్వాత అన్నయ్యను తనకు కాకుండా చేసింది వదినేనని ఆయన నమ్మాడు. పదకొండేళ్ళ కిందట అన్నయ్య పోయినప్పుడు వెళ్ళి, గుమ్మంలో వదిన ఎదురుపడితే ముఖం తిప్పుకుని వచ్చేశాడు.

"మీరు నన్ను న... నలుగురిలో నవ్వులపాలు చేశారు" అన్నాడు. "మా వదినను నేనేం చేశానో మరి?"

టెలిఫోనమ్మ చేతులు జోడించి వచ్చేసింది.

ఆపై నెల ఆయన హాలుకు వచ్చాడు. ఎప్పటిలాగే కుర్చీలు వేశాడు. టీ వేళ ఆవిడ పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"వెళ్ళొచ్చానండీ. బస్సులో మూడు గంటలు. వదినకు చెవుడొచ్చింది. నేను తప్పైపోయిందంటే ఏమిటీ అంటుంది. చివరికి అ... అరవాల్సి వచ్చింది. పక్కింటివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి విన్నారు."

"ఆవిడేమన్నారు?"

"ఇన్నేళ్ళు పట్టిందా నీకు అంది. అంతే. అన్నం పెట్టింది గానీ పెద్దగా మాట్లాడలేదు. మళ్ళీ వెళ్తాను."

టెలిఫోనమ్మ గ్లాసు కింద పెట్టింది. "వచ్చే నెల అందరి ముందూ లేచి, నేను చేసింది తప్పని చెప్పేస్తాను."

"వద్దండీ. అప్పుడు అందరికీ నేనేనని తెలుస్తుంది. మీ బరువు దించుకోవడానికి నన్నెందుకు మళ్ళీ నిలబెట్టడం?"

ఆ మాట సూటిగా తగిలింది. ఇప్పటికీ తన ఊరట కోసమే చూసుకుంటోందని అర్థమై, ఆవిడ తల దించుకుంది. ఆయన క్షమించానని అనలేదు. కోపంగానూ లేడు. ఖాళీ గ్లాసులు రెండూ తీసుకుని లేచాడు.

ఆ ఆదివారం కొడుకు తన స్నేహితులను భోజనానికి పిలిచాడు. తిన్నాక, "అమ్మా, మనవాళ్ళకు ఆ నత్తాయన కథ చెప్పు" అన్నాడు ఉత్సాహంగా.

"చెప్పను. నువ్వూ ఎక్కడా చెప్పకు" అంది.

"అదేంటమ్మా? చిన్నప్పట్నుంచీ..."

"చిన్నప్పట్నుంచీ నీకు తప్పు నేర్పాను నాన్నా" అంది. కోడలు, వచ్చినవాళ్ళు ఆవిడ ముఖంలోకి చూశారు. ఆవిడ చూపు తిప్పుకోలేదు గానీ, చెవులు మాత్రం వేడెక్కాయి.