జీవరత్నం మాస్టారి చిల్లుల కుండ

మా జీవరత్నం మాస్టారు ఇక లేరు. మొన్న ఆదివారం ఆరాధనకు వెళ్ళడానికి చొక్కా తొడుక్కుంటూనే కుర్చీలో కూలబడిపోయారట. ఆ కబురు నాకు మా ఊరు పెడనలో అందింది. బందరు బస్సులో కూర్చున్నంతసేపూ అబద్ధమై ఉంటుందని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. ఆయన వాకిట్లో వరసగా విడిచిన చెప్పులు చూశాక నమ్మక తప్పలేదు.

గుడివాడ దగ్గరి పల్లెలో కూలి కుటుంబంలో పుట్టి, మిషను బడిలో అక్షరాలు దిద్ది, జీవితమంతా బందరు పిల్లలకు ప్రకృతి శాస్త్రం బోధించిన ధన్యజీవి ఆయన. అదే హైస్కూల్లో నేను డ్రాయింగు మాస్టరుని. ఆయన పాండిత్యం అపారం, కోపం అంతకంటే అపారం. అయితే ఆ రెండూ ఒక్క మొక్క ముందు చేతులు కట్టుకుని నిలబడేవి. అది కొండ ఆర్కిడ్డు. మనవాళ్ళు బదనిక అనుకుని పీకి పారేస్తారు గాని, అది ఇంకో చెట్టు సారం పీల్చదు. మానును ఆనుకుని, గాలిలో వేళ్ళు చాచి, తన తిండి తానే సంపాదించుకుంటుంది. ఏజెన్సీ కొండల్లో నర్సుగా పనిచేసిన ఆయన సతీమణి కరుణమ్మగారు దాన్ని ఒడిలో పెట్టుకుని తెచ్చారు. ఆమె పరమపదించాక, ఏటా ఈస్టరు తెల్లవారుజామున అందరూ సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించే వేళకు, ఆ మొక్క పూసిన ఊదారంగు పూలకొమ్మను మాస్టారు ఆమె సమాధి మీద ఉంచేవారు. వేరే పువ్వు ఆయన ఎన్నడూ పెట్టి ఎరుగరు.

దానికోసం చుట్టూ చిల్లులున్న కుండ చేయించడానికి కుమ్మరితో ఆయన పడ్డ తగువు మా బళ్ళో అందరికీ తెలుసు. "చిల్లుకుండ అమ్మానంటే నా పరువేం గానండీ?" అన్నాడు కుమ్మరి. "నీ పరువుకంటే దాని వేళ్ళకి గాలి ముఖ్యమయ్యా," అన్నారు మాస్టారు. ఆ కుండలో మట్టి చిటికెడైనా వేయరు. అడుగున పెంకుముక్కలు, పైన కట్టెబొగ్గులు, వాటి సందుల్లో కొద్దిగా కొబ్బరిపీచు. ఆ పీచునైనా చూరు కింద ఒక వానాకాలమంతా వేలాడదీసి, తడిసి ఎండి రంగు దిగాకనే వాడేవారు. బందరు నూతుల్లో నీళ్ళు ఉప్పు గనుక వాననీళ్ళు గోలెంలో పట్టి, గుడ్డ కట్టి దాచేవారు. ప్రొద్దుటే కుండ ఎత్తి చూసి, తేలికైతేనే పోసేవారు. "మొక్కకి దాహమేస్తే కుండ చెప్తుందండీ. మనకి ప్రేమ పుడితే మాత్రం చెంబు కింద పెట్టెయ్యాలి," అనేవారు.

శీతాకాలంలో అది ఆకులన్నీ రాల్చి పుల్లలా మిగిలేది. ఆ సమయంలో చుక్క నీరు పోయరు. ఒకసారి మా హెడ్మాస్టరుగారు చూసి, "ఇది ఎప్పుడో చచ్చిందండీ," అన్నారు. "చావలేదండీ, ఊరుకుంది. మొగ్గ కనపడేదాకా మనమూ ఊరుకోవాలి," అన్నారు మాస్టారు.

ఇక నా పాపం చెప్పుకోవాలి. ఇది దాచి ఆయనను పొగిడితే అది సంస్మరణ కాదు. ముందటేడు వానాకాలం ఆపరేషను కోసం ఆయన మద్రాసు వెళ్తూ మొక్కను నాకు అప్పగించారు. ఆయన క్షేమంగా రావాలని మోపిదేవి స్వామికి మొక్కుకుని, దర్శనం చేసుకుని, అటే సముద్రస్నానానికి పాలకాయతిప్ప దాకా వెళ్ళాను. దారిలో తాళ్ళు పేనేవాళ్ళు కాలవలో పీచు నానవేస్తున్నారు. మాస్టారు వానాకాలమంతా పట్టించే పని ఇక్కడ సిద్ధంగా ఉందే అని మురిసిపోయి, కొంత కొని తెచ్చాను. ఆయన వచ్చేసరికి కొత్త కుండంత శుభ్రంగా ఉండాలని, పాతదంతా తీసేసి ఆ పీచు కూరి, పూటపూటా నీళ్ళు పోశాను. ఆ పీచు నానింది సముద్రపు పోటు ఎక్కే కాలవలో. నేను పెడన అద్దకంవాళ్ళ బిడ్డను. నీళ్ళు నాలుక మీద వేసుకుని చూడందే మా ఇంట్లో గుడ్డ ముంచరు. ఆ రోజు ఆ పీచును నాలుకకు తాకించాలని నాకు తోచలేదు.

మాస్టారు చిక్కి సగమై తిరిగివచ్చారు. "నాకోసం మీ స్వామికి మొక్కారటగా? మా పాస్టరుగారితో అనకండి," అని నవ్వుతూనే కుండ ఎత్తారు. నవ్వు ఆగిపోయింది. మొక్క వేళ్ళు నల్లబడి, ముట్టుకుంటే చితికిపోయాయి. ఒక పీచు పోగు తీసి నాలుక మీద పెట్టుకున్నారు.

"ఉప్పండీ, నాంచారయ్యగారూ."

కోపానికి పేరుపడ్డ మనిషి కేకైనా వేయలేదు. కుండ కింద పెట్టి, "కరుణకి ఏం చెప్పమంటారు?" అన్నారు. ఆ ప్రశ్నకంటే చెంపదెబ్బ కొట్టి ఉంటే బాగుండేది. కుళ్ళంతా కోసేస్తే జానెడు కాడ ఒక్కటి పచ్చగా మిగిలింది. దాన్ని కడిగి బొగ్గుల మీద కట్టారు.

ఆ ఈస్టరుకు పువ్వు లేదు. నేను మల్లెలు పట్టుకెళ్ళాను. "మీవి మీరు పెట్టండి. నా చేతులు ఈ ఏటికి ఖాళీయే," అన్నారు. చుట్టూ కొవ్వొత్తుల వెలుగు, కీర్తనలు. ఆయన వట్టి చేతులతో నిలబడ్డారు. ఆ చేతుల వంక చూడలేక నేను తల దించుకున్నాను.

మళ్ళీ వానలకు ఆ కాడ పక్కన ఒక పిలక వేసింది. మొన్న క్రిస్మసు వెళ్ళగానే ఆ కుండ మా ఇంటికి తెచ్చారు. "నా ఒంటి మీద నాకు నమ్మకం లేదు. ఇది మీ దగ్గరుంచండి," అన్నారు.

"చంపినవాణ్ణి నేనే కదండీ!"

"అందుకే. ఇంకోసారి చంపరు."

ఆయనను కరుణమ్మగారి పక్కనే పడుకోబెట్టి వచ్చాం. బందరు గొప్ప ఉపాధ్యాయుణ్ణి కోల్పోయింది, ఆ లోటు తీరేది కాదు. నా లోటు మాత్రం మా అరుగు మీద ఉంది. ఆకులన్నీ రాలి, ఆ పిలక వట్టి పుల్లలా ఉంది. ఊరుకుందో, పోయిందో నాకు తెలియదు. చూడగానే చెప్పగల ఒక్క మనిషీ మట్టిలో ఉన్నారు. ఈస్టరు ఎంతో దూరం లేదు. ఈసారి పువ్వు పెట్టవలసిన సమాధులు రెండు.

రోజూ ప్రొద్దుటే కుండ ఎత్తి చూస్తున్నాను. తేలికగానే ఉంటోంది. చెయ్యి గోలెం దాకా వెళ్తుంది. మొగ్గ కోసం కళ్ళు చిట్లించి చూస్తాను, కనపడదు. చెంబు కింద పెడతాను.

మాస్టారూ, ఇవాళ కూడా నీళ్ళు పోయలేదండీ.